ఆయాసం తగ్గినంత త్వరగా ఎముక గట్టిపడదు

పోలీసు ఉద్యోగాల ప్రకటన వెలువడిందంటే చాలు, మర్నాటి నుంచే జూనియర్ కాలేజీ మైదానాలు తెల్లవారుజామున 5 గంటలకే నిండిపోతాయి. మైదానం లేని ఊళ్లలో బైపాస్ రోడ్డే ట్రాక్. మొదటి రోజు దాదాపు అందరూ ఒకేలా పరిగెడతారు. బలం కొద్దీ ఒక రౌండు, రెండో రౌండు మధ్యలో డొక్కలో పోటు, మూడో రౌండుకు నడక. పది రోజుల్లో కొందరు మానేస్తారు. పట్టుదలగా కొనసాగించినవారిలో కొందరు నెల తిరిగేసరికి మోకాలి కింద ఎముక నొప్పితో కుంటుతూ కనిపిస్తారు.

పరీక్ష అడిగే దూరం చూడటానికి చిన్నదే. 2022లో తెలంగాణ పోలీసు నియామక ప్రకటన ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లకు పూర్తి మార్కులు రావాలంటే 5 నిమిషాల 30 సెకన్లు దాటకూడదు. అన్ని చోట్లా ఇంత చిన్న దూరం ఉండదు. 2024 ఆగస్టు చివర్లో ఝార్ఖండ్‌లో మొదలైన ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలో పురుష అభ్యర్థులు గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తాల్సి వచ్చింది. ఆ పరీక్షలు జరిగిన కొద్ది రోజుల్లోనే పది మందికి పైగా యువకులు చనిపోయారు. ఒక్కొక్కరి మరణానికి కారణాలు వేరువేరుగా ఉండి ఉండవచ్చు. కానీ ఆ దూరాన్ని ఆ వేగంతో పరిగెత్తమంటే శరీరాన్ని ఎంత అడిగినట్టో లెక్క కట్టి చూడవచ్చు.

కిలోకు, నిమిషానికి ఎంత ఆక్సిజన్?

ఈ లెక్కకు పునాది వేసింది బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రవేత్త ఏ.వి. హిల్. కండరాల్లో వేడి ఎలా పుడుతుందో కనుగొన్నందుకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి అందుకున్న ఆయన, వీపుకు గాలి సంచి కట్టుకుని, నోటికి గొట్టం తగిలించుకుని గడ్డి మైదానంలో తానే పరుగులు తీశారు. వేగం పెంచుతూ పోతే శరీరం వాడుకునే ఆక్సిజన్ కూడా పెరుగుతుంది. అయితే ఒక స్థాయి దాటాక, ఎంత వేగంగా పరిగెత్తినా అది ఇక పెరగదు. ఆ పైకప్పునే ఇప్పుడు వీఓటూ మ్యాక్స్ అంటున్నారు.

సమతలం మీద పరుగుకు ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే సులువైన సూత్రం ఒకటి ఉంది. నిమిషానికి ఎన్ని మీటర్లు పరిగెడుతున్నామో ఆ సంఖ్యను 0.2తో గుణించి 3.5 కలపాలి. వచ్చేది ఒంటి బరువులో కిలోకు నిమిషానికి కావలసిన ఆక్సిజన్, మిల్లీలీటర్లలో. 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలంటే దాదాపు 48 మిల్లీలీటర్లు కావాలి. గంటలో 10 కిలోమీటర్లకు సుమారు 37 సరిపోతుంది.

సాధన లేని ఆరోగ్యవంతుడైన యువకుడి పైకప్పు సాధారణంగా 40కి అటూ ఇటూ ఉంటుంది. 1600 మీటర్ల పరుగు అతని పైకప్పు కంటే ఎక్కువే అడుగుతోంది. ఆ లోటును కండరాలు కొంతసేపు ఆక్సిజన్ లేకుండా గ్లూకోజును విడగొట్టి పూడుస్తాయి. ఈ అప్పు పరిమితి తక్కువ. ఏడెనిమిది నిమిషాల పరుగులో ఖర్చయ్యే శక్తిలో అయిదింట నాలుగు వంతులు ఆక్సిజన్ దారిలోనే రావాలి. మూడో రౌండులో కాళ్లు బరువెక్కేది అప్పు తీరిపోయినప్పుడే.

10 కిలోమీటర్ల లెక్క మరో రకంగా కష్టం. 40 పైకప్పు ఉన్నవాడికి 37 అంటే 90 శాతానికి పైగా. ఆ స్థాయిలో గంటసేపు నిలబడటం ఏళ్ల తరబడి సాధన చేసిన రన్నర్లకు సాధ్యం. మూడు వారాలు మైదానానికి వెళ్లి వచ్చిన కుర్రాడికి కాదు. వేగం తక్కువ కాబట్టి ఇది తేలిక అనుకోవడంలోనే ప్రమాదం ఉంది.

అంటే పెంచుకోవాల్సినవి రెండు. ఒకటి పైకప్పు. రెండోది, దానికి దగ్గరగా ఎక్కువసేపు నిలబడే శక్తి. రెండోదాన్నే మామూలు మాటల్లో దమ్ము అంటాం.

దమ్ము ఎక్కడ పెరుగుతుంది?

ఊపిరితిత్తుల్లో అని చాలామంది అనుకుంటారు. ఆయాసం అక్కడే తెలుస్తుంది కాబట్టి అలా అనిపించడం సహజం. నిజానికి ఆరోగ్యవంతుల్లో ఊపిరితిత్తులకు ముందు నుంచే సామర్థ్యం మిగులు ఉంటుంది. మారేవి రక్తం, గుండె, కండరం.

అన్నిటికంటే ముందు మారేది రక్తం. క్రమంగా వ్యాయామం మొదలుపెట్టిన వారం పది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, 10 శాతం దాకా పెరుగుతుంది. గుండెలోకి ఎక్కువ రక్తం వచ్చి చేరుతుంది, ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం బయటకు వెళుతుంది. అదే వేగానికి గుండె తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. రెండో వారంలో పరుగు హఠాత్తుగా తేలికైనట్టు అనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. కండరం మారడానికి ఇంకా చాలా సమయం ఉంది.

కండరంలో జరిగే మార్పును 1967లో అమెరికా శాస్త్రవేత్త జాన్ హోలోజీ చూపించారు. ఎలుకలను 12 వారాల పాటు ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి, వ్యవధిని క్రమంగా రోజుకు 2 గంటల దాకా పెంచారు. వాటి కాలి కండరాల్లో మైటోకాండ్రియా ఎంజైముల సామర్థ్యం దాదాపు రెట్టింపైంది. ఆక్సిజన్‌తో ఇంధనాన్ని మండించే కొలిమి మైటోకాండ్రియానే. కొలిములు పెరిగితే అదే వేగం దగ్గర కండరం అప్పు చేయాల్సిన అవసరం తగ్గుతుంది. వాటికి ఆక్సిజన్ అందించే సన్నని కేశనాళికలు కూడా చుట్టూ పెరుగుతాయి. మనుషుల్లో ఈ పని వారాల నుంచి నెలల పాటు సాగుతుంది.

ఇదంతా వెనక్కి కూడా పోతుంది, అదీ వేగంగా. 1966లో అమెరికాలోని డాలస్‌లో 20 ఏళ్ల వయసున్న అయిదుగురు యువకులను మూడు వారాల పాటు మంచం దిగనివ్వకుండా ఉంచి పరీక్షించారు. వారి వీఓటూ మ్యాక్స్ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. తర్వాత ఎనిమిది వారాల సాధనతో కోలుకున్నారు. మొదటి నుంచీ వ్యాయామం అలవాటు లేనివారైతే మునుపటి స్థాయిని మించి బాగా పైకి వెళ్లారు.

నెమ్మదిగా పరిగెత్తడమే ఎందుకు?

కొత్తవారికి నమ్మకం కుదరని సలహా ఇదే. వేగంగా పరిగెత్తాల్సిన పరీక్షకు నెమ్మదిగా పరిగెత్తి సిద్ధం కావడమేమిటి అనిపిస్తుంది. మైటోకాండ్రియా పెరగడానికి కండరం మీద పని ఎక్కువసేపు సాగాలి. బలం కొద్దీ పరిగెత్తేవాడు నాలుగు నిమిషాల్లో ఆగిపోతాడు. మెల్లగా పరిగెత్తేవాడు అరగంట కొనసాగుతాడు, మర్నాడు కూడా రాగలుగుతాడు.

న్యూజిలాండ్‌లో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కోచ్‌గా మారిన ఆర్థర్ లిడియార్డ్ దీన్ని ప్రయోగశాల లేకుండానే పట్టుకున్నారు. రెండు నిమిషాల లోపు ముగిసే 800 మీటర్ల పోటీకి తన శిష్యుడు పీటర్ స్నెల్‌ను సిద్ధం చేయడానికి ఆయన ఆదివారాలు 35 కిలోమీటర్ల కొండదారి పరుగు పెట్టించేవారు. స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు, 1964 టోక్యోలో 800, 1500 మీటర్లు రెండూ గెలిచారు. ఆ పద్ధతి ఎందుకు పనిచేసిందన్న ప్రశ్న ఆయన్ను వదిలినట్టు లేదు. తర్వాత అమెరికా వెళ్లి వ్యాయామ శరీరధర్మ శాస్త్రంలో డాక్టరేట్ చేసి పరిశోధకుడయ్యారు.

లిడియార్డ్ ఆక్లండ్‌లో మామూలు మనుషుల చేత కూడా జాగింగ్ చేయించేవారు. 1962 చివర్లో అక్కడికి వెళ్లిన అమెరికా కోచ్ బిల్ బోవర్‌మన్, 70 దాటిన ఓ పెద్దాయనతో సమానంగా పరిగెత్తలేక వెనకబడ్డారు. ఆ అనుభవంతోనే అమెరికాలో జాగింగ్‌ను ప్రచారం చేశారు.

నెమ్మదికి కొలత ఏమిటి? పక్కన పరిగెత్తేవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఊపిరి తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు. 220 నుంచి వయసు తీసేసి గుండె వేగం లెక్కగట్టే సూత్రం ఫోన్లలో, వాచీల్లో కనిపిస్తుంది కానీ, ఒక్కో వ్యక్తి విషయంలో అది 10, 12 స్పందనలు అటూ ఇటూ అవుతుంది. మాట పరీక్షే నయం.

ఎముకది వేరే గడియారం

నెల దాటాక అసలు చిక్కు వస్తుంది. ఆయాసం తగ్గింది, ఉత్సాహం పెరిగింది. అభ్యర్థి దూరాన్ని ఒక్కసారిగా రెట్టింపు చేస్తాడు. గుండె ఒప్పుకుంటుంది. ఎముక ఒప్పుకోదు.

పరుగులో ప్రతి అడుగుకూ నేల నుంచి ఒంటి బరువుకు రెండు నుంచి రెండున్నర రెట్ల బలం కాలికి ఎదురొస్తుంది. 60 కిలోల మనిషికి ఇది 120 నుంచి 150 కిలోల బరువుతో సమానం. 1600 మీటర్లలో ఒక్కో కాలికి ఏడెనిమిది వందల అడుగులు పడతాయి. ఇలా పదేపదే పడే బరువుకు ఎముక తనను తాను మళ్లీ కట్టుకుంటుంది. ఆ కట్టడంలో ఒక మెలిక ఉంది. ముందు కొన్ని కణాలు పాత ఎముకను తవ్వి తీసేస్తాయి, దీనికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ ఖాళీని మరో రకం కణాలు కొత్త ఎముకతో నింపి గట్టిపరచడానికి మూడు నెలలు పడుతుంది. ఈ నడిమి కాలంలో ఎముక మునుపటి కంటే కొంచెం బలహీనంగానే ఉంటుంది. దూరం రెట్టింపు చేయాలన్న ఉబలాటం వచ్చేదీ సరిగ్గా అప్పుడే.

సైన్యాలకు ఈ సంగతి పాతదే. 1855లోనే బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు, కవాతు చేసిన సైనికుల పాదాలు వాచి నొప్పి పుట్టడాన్ని నమోదు చేశారు. ఎక్స్‌రేలు వచ్చాక అవి ఎముకలో సన్నని పగుళ్లని తెలిసింది. ఇప్పుడు స్ట్రెస్ ఫ్రాక్చర్లంటున్నారు. పరుగు తీసేవారిలో ఎక్కువగా వచ్చేది మోకాలి కింది పెద్ద ఎముకలో. ఆ ఎముక పొడవునా పరచుకుని, ఒళ్లు వేడెక్కాక తగ్గే నొప్పి అయితే కొన్ని రోజులు దూరం తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ఒకే చోట, వేలితో నొక్కితే కలుక్కుమనే నొప్పి, పరుగు కొద్దీ పెరిగే నొప్పి, రాత్రి పడుకున్నా వదలని నొప్పి అయితే పరుగు ఆపి ఎముకల డాక్టరును చూడాలి. నొప్పి మాత్ర వేసుకుని మైదానానికి వెళ్లడం హెచ్చరిక గంటను ఆపేయడంతో సమానం. ఎండలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలనూ ఇబ్బంది పెడతాయి.

వారానికి 10 శాతం కంటే దూరం పెంచకూడదన్న నియమం బాగా ప్రచారంలో ఉంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో 500 మందికి పైగా కొత్త రన్నర్లపై జరిగిన ప్రయోగంలో, ఆ నియమం ప్రకారం 13 వారాలు సాధన చేసినవారిలోనూ, 8 వారాల మామూలు సాధన చేసినవారిలోనూ దాదాపు ఒకే స్థాయిలో, అయిదుగురిలో ఒకరికి గాయాలయ్యాయి. అంకెలో మహిమేమీ లేదు. ఎవరి కాలు ఏం చెబుతోందో వినడం తప్ప అందరికీ పనికొచ్చే శాతం ఇంకా దొరకలేదు.

పన్నెండు వారాలు

వారానికి నాలుగు రోజులు, వీలైతే రోజు విడిచి రోజు. మొదట అయిదు నిమిషాలు చురుకైన నడక. తర్వాత ఒక నిమిషం మెల్లని పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఎనిమిది, పది సార్లు. నాలుగో వారానికి మూడు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడకకు చేరాలి. ఎనిమిదో వారానికి ఆగకుండా 25, 30 నిమిషాలు మాట్లాడుతూ పరిగెత్తగలగాలి. ఏ వారమైనా భారంగా అనిపిస్తే అదే వారాన్ని మళ్లీ చేయవచ్చు.

వేగం అప్పుడు. వారంలో ఒక్క రోజు, 400 మీటర్ల రౌండ్లు నాలుగు, మధ్యలో రెండు మూడు నిమిషాల నడక. 7 నిమిషాల 15 సెకన్లు లక్ష్యమైతే ఒక్కో రౌండు 1 నిమిషం 48 సెకన్లు. తొలి రౌండును ఒకటిన్నర నిమిషంలో కొట్టి గొప్పగా అనిపించుకున్నవారే చివరి రౌండులో నడుస్తారు. మిగతా రోజులన్నీ మెల్లగానే.

ఎండ, చెమట, రక్తం

ఒక కిలో బరువును ఒక కిలోమీటరు పరిగెత్తించడానికి సుమారు ఒక కిలో కెలోరీ ఖర్చవుతుంది. మెల్లగా వెళ్లినా వేగంగా వెళ్లినా ఈ లెక్క పెద్దగా మారదు. 60 కిలోల మనిషి గంటలో 10 కిలోమీటర్లు వెళితే 600 కిలో కెలోరీలు. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగానే మారుతుంది. అది బయటకు పోయే దారే లేకపోతే ఒంటి ఉష్ణోగ్రత ఆ గంటలో 9 డిగ్రీలు పెరగాలి. అలా జరగకుండా కాపాడేది ప్రధానంగా చెమట. ఒక లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలో కెలోరీల వేడి పోతుంది. ఆవిరైతేనే. గాలిలో తేమ నిండినప్పుడు చెమట కారి నేల మీద పడుతుంది, ఒళ్లు మాత్రం చల్లబడదు. అందుకే విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉక్కపోత ఉన్న ఉదయం, హైదరాబాద్‌లో పొడిగా ఉన్న ఉదయం కంటే ప్రమాదకరం. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు కావాలి. పరుగులో మాట తడబడినా, అడుగులు తూలినా వెంటనే ఆపి, నీడలోకి చేర్చి ఒంటి మీద నీళ్లు పోసి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఛాతీలో నొప్పి వచ్చినా, పరుగు మధ్యలో స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా, డాక్టరు చూడకుండా సాధన కొనసాగించకూడదు.

మహిళా అభ్యర్థుల విషయంలో ఇంకో లెక్క ఉంది, దాన్ని శిక్షణ కేంద్రాలు అరుదుగా పట్టించుకుంటాయి. ఒక గ్రాము హీమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. డెసిలీటరుకు 13 గ్రాములుంటే లీటరు రక్తం 174 మిల్లీలీటర్లు మోస్తుంది. 9 గ్రాములే ఉంటే 121. ఎంత క్రమశిక్షణతో పరిగెత్తినా ఈ 30 శాతం లోటును కాళ్లు పూడ్చలేవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషుల్లో 25 శాతం మందికి. రెండు నెలలుగా మైదానానికి వస్తున్నా ఆయాసం తగ్గని అమ్మాయిని బద్ధకమని తిట్టేముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపి హీమోగ్లోబిన్ చూపించడం మేలు. డాక్టరు ఇనుము మాత్రలు రాసినా స్థాయి కోలుకోవడానికి వారాలు పడుతుంది. అందువల్ల ఈ పరీక్ష సాధన మొదలుపెట్టిన వారంలోనే జరిగిపోవాలి.