వెబ్‌సైటులో 500 ఎర్రర్: ప్లగిన్ పెట్టినప్పుడు సర్వర్ మొరాయిస్తే ఏం చేయాలి?



పదో తరగతి వరకు నేను మౌస్ పట్టుకోలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు ఎం.సి.ఎ. పూర్తి చేశాను. అందుకే పూర్వ విద్యార్థుల వెబ్‌సైటు చూసుకునే పని అన్నలు నాకు అప్పగించారు. వార్షికోత్సవం దగ్గర పడింది. ఇంటర్‌లో చేరబోయే తమ్ముళ్ళు ఏ పుస్తకాలు కావాలో రాసి పంపడానికి ఒక ఫారం పెట్టాలనుకున్నాను. అందుకోసం ఒక ప్లగిన్ ఇన్‌స్టాల్ చేసి యాక్టివేట్ నొక్కాను. మరుక్షణం సైటు మొత్తం పోయింది. తెరమీద ‘500 ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్’ అని ఒక్క వాక్యం మాత్రమే మిగిలింది.

సిగ్గుతో రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు ఒక తమ్ముడు ఫోన్ చేసి, “అన్నా, ఫారం ఓపెన్ కావడం లేదు, రేపే ఆఖరి తేదీ కదా” అన్నాడు. నా మౌనం వల్ల ఎవరికి నష్టమో అప్పుడు తెలిసింది. ఆ రోజు నేర్చుకున్నది మీకు ఉపయోగపడాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

ప్లగిన్ అంటే ఏమిటి?

మన సైటు వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది. దీన్ని 2003లో మ్యాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ ప్రారంభించారు. ఇది పీహెచ్‌పీ అనే భాషలో రాసినది. ఫారం, ఫోటోల గ్యాలరీ వంటి అదనపు సౌకర్యాలను చేర్చే చిన్న ప్రోగ్రామునే ప్లగిన్ అంటారు. అది కూడా పీహెచ్‌పీలోనే ఉంటుంది. సైటు పేజీ తెరిచిన ప్రతిసారీ యాక్టివ్‌గా ఉన్న ప్లగిన్లన్నీ లోడ్ అవుతాయి. కాబట్టి ఒక్క ప్లగిన్‌లో తప్పున్నా సైటంతా ఆగిపోగలదు.

నంబరు ఏం చెబుతుంది?

కౌలు పొలంలో బోరు ఆగిపోతే మా నాన్న ముందే మోటారు విప్పడు. కరెంటు ఉందా, ఫ్యూజు పోయిందా, స్టార్టరు పడుతోందా అని వరుసగా చూస్తాడు. మనమూ అలాగే వరుసగా చూడాలి. మొదట చూడవలసింది నంబరు.

403 అంటే అనుమతి లేదు. 404 అంటే అడిగిన పేజీ లేదు. 413 అంటే మనం పంపిన ఫైలు మరీ పెద్దది. 500 అంటే సర్వర్ లోపల ఏదో తప్పు జరిగింది, కారణం మాత్రం బయటికి చెప్పడం లేదు. 503 అంటే సర్వర్ తాత్కాలికంగా అందుబాటులో లేదు. 504 అంటే ఒక సర్వర్ మరో సర్వర్ జవాబు కోసం ఎదురుచూసి విసిగిపోయింది. నంబరును, సమయాన్ని, దానికి ముందు మనం చేసిన పనిని కాగితంమీద రాసుకోవాలి.

మొదటి మెట్టు: సైటును లేపడం

2019లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.2 నుండి ఒక సౌకర్యం ఉంది. ప్లగిన్ వల్ల సైటు పడిపోతే అడ్మిన్ ఈమెయిల్‌కు రికవరీ లింకు వస్తుంది. దాని ద్వారా లోపలికి వెళ్ళి ఆ ప్లగిన్‌ను ఆపవచ్చు. మన సైటులో ఆ చిరునామా ఎప్పుడో సైటు కట్టిన ఒక అన్నది. ఆయన ఆ మెయిల్ తెరవడమే మానేశాడు. తమ్ముళ్ళూ, బాధ్యత చేతులు మారినప్పుడు ఈమెయిల్ కూడా మార్చాలి.

మెయిల్ రాకపోతే హోస్టింగ్ వారి ఫైల్ మేనేజర్ తెరవండి. డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డరులో ప్లగిన్స్ అనే ఫోల్డరు ఉంటుంది. అందులో కొత్త ప్లగిన్ ఫోల్డరు పేరు మార్చండి. పేరు దొరకక వర్డ్‌ప్రెస్ దాన్ని వదిలేస్తుంది, సైటు లేస్తుంది. దేన్నీ డిలీట్ చేయనవసరం లేదు.

రెండో మెట్టు: లాగ్ చదవడం

కారణం సర్వర్ ఎర్రర్ లాగ్‌లో ఉంటుంది. లాగ్ దొరకకపోతే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైలులో డీబగ్, డీబగ్ లాగ్ రెండూ ఆన్ చేసి, డీబగ్ డిస్‌ప్లే ఆఫ్ చేయాలి. అప్పుడు తప్పులు తెరమీద పడకుండా ఒక ఫైలులో చేరతాయి. పని అయ్యాక డీబగ్ ఆపి ఆ ఫైలు తీసేయాలి. ఇతరులు చదివే ప్రమాదం ఉంది.

మూడో మెట్టు: సాధారణ కారణాలు

1. మెమరీ చాలకపోవడం. మా లాగ్‌లో 41943040 బైట్లు అయిపోయాయని ఉంది. దాన్ని రెండుసార్లు 1024తో భాగిస్తే 40 వస్తుంది. అంటే 40 ఎంబీ. మామూలు సైటుకు వర్డ్‌ప్రెస్ పెట్టుకునే కనీస హద్దు అదే. కాన్ఫిగ్ ఫైలులో మెమరీ లిమిట్ 128 ఎంబీ అని ఒక్క వరుస చేర్చి ప్లగిన్‌ను మళ్ళీ ఆన్ చేస్తే సైటు నిలబడింది. కొన్ని హోస్టింగులలో ఇది పనిచేయదు. అప్పుడు వారినే అడగాలి.

2. పీహెచ్‌పీ వెర్షన్ కుదరకపోవడం. పాత భాషలోని కొన్ని ఫంక్షన్లను పీహెచ్‌పీ 8లో తొలగించారు. పాత ప్లగిన్ కొత్త వెర్షన్‌పైన, కొత్త ప్లగిన్ పాత వెర్షన్‌పైన ఆగిపోవచ్చు. ప్లగిన్ పేజీలో ఏ వెర్షన్ కావాలో చూడండి.

3. ఫైలు పరిమాణం. పీహెచ్‌పీ సొంత సెట్టింగులో అప్‌లోడ్ హద్దు 2 ఎంబీ మాత్రమే. జిప్ ఫైలు అంతకన్నా పెద్దదైతే ఆ హద్దు పెంచుకోవాలి.

4. హెచ్‌టీయాక్సెస్ ఫైలు చెడిపోవడం. అందులో ఒక్క తప్పు వరుస ఉన్నా 500 వస్తుంది. దాని పేరు మార్చి, సైటు లేస్తే సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్‌కు వెళ్ళి సేవ్ నొక్కండి. కొత్త ఫైలు తయారవుతుంది.

5. అనుమతులు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఫోల్డర్లకు 755, ఫైళ్ళకు 644 సరిపోతాయి. కంగారులో నేను అన్నిటికీ 777 ఇచ్చాను. అది హాస్టల్లో ట్రంకుపెట్టె తాళం తీసి వరండాలో పెట్టడం వంటిది. పైగా కొన్ని సర్వర్లలో 777 ఇస్తేనే 500 వస్తుంది. నేను తప్పుమీద తప్పు చేశాను.

ముందు జాగ్రత్త

ప్లగిన్ పెట్టేముందు ఫైళ్ళు, డేటాబేస్ రెండూ బ్యాకప్ తీసుకోండి. వీలైతే మీ కంప్యూటర్‌లో ఎక్సాంప్ వేసుకుని అక్కడ ప్రయత్నించండి. ఒకేసారి ఒక్క ప్లగిన్ మాత్రమే పెట్టండి. డబ్బులు పెట్టి కొనవలసినది ఎవరో ఉచితంగా ఇస్తే ముట్టుకోవద్దు. అందులో దొంగ కోడ్ ఉండవచ్చు.

ఫారం ఆ రాత్రే తెరుచుకుంది. అన్నలకు విషయం చెబితే ఎవరూ తిట్టలేదు, ఆఖరి తేదీని మరో నాలుగు రోజులు పొడిగించారు. మొదటిరోజే చెప్పి ఉంటే ఆ ఇబ్బందీ ఉండేది కాదు. మన ఇళ్ళలో ఇవి చెప్పేవారు లేరు కాబట్టి, తెలియదని చెప్పుకోవడానికి మనం భయపడతాం. తమ్ముళ్ళూ, ఏది చెడినా నంబరు ఇది, సమయం ఇది, నేను చేసినది ఇది అని మూడు ముక్కలు రాసుకుని ధైర్యంగా అడగండి. అడగడం నామోషీ కాదు. చెప్పడానికి మేమున్నాం.