కొవ్వు తక్కువ మయొనైజ్ – గంజి చేసే మేలు

విశాఖ బీచిలో మురీ మిక్స్చర్‌తో తృప్తిపడిన కుటుంబాలలోనే నేడు పిల్లలు శాండ్‌విచ్‌కూ, షవర్మాకూ మయొనైజ్ కావాలంటున్నారు. సీసాపై "కొవ్వు తక్కువ" అని ఉంటే పెద్దలు నిశ్చింతగా కొంటున్నారు. తగ్గిన కొవ్వు స్థానంలో చేరినదేమిటో గృహిణులు తెలుసుకొనుట అవసరం.

మయొనైజ్ అనగా నేమి?

గుడ్డు పచ్చసొన, వెనిగర్‌ల మిశ్రమంలో నూనెను సన్నని ధారగా పోసి చిలికినది మయొనైజ్. ఇందులో నూటికి 70 నుండి 80 పాళ్లు నూనెయే. పెద్ద చెంచాడులో సుమారు 10 గ్రాముల కొవ్వు, 90కి పైగా కెలోరీలు ఉంటాయి. ఆయుర్వేద రీత్యా ఇది గురువు, స్నిగ్ధము. మందాగ్ని గలవారికి హితవు కాదు.

పిండి పాత్ర

నూనె తగ్గిస్తే నీరు హెచ్చి మయొనైజ్ పలుచబడుతుంది. ఆ నీటిని పట్టి చిక్కబరచేది పిండి. మన గంజి సూత్రమే ఇది. గ్రాము కొవ్వుకు 9 కెలోరీలు కాగా, గ్రాము పిండికి 4 మాత్రమే.

అయితే మామూలు పిండితో కాచిన గంజి పులుపుతో మరిగితే పలుచనవుతుంది. నిలువ ఉంటే నీరు వదులుతుంది. అందుచేత కర్మాగారాలలో మొక్కజొన్న లేక కర్రపెండలం పిండి అణువుల గొలుసుల మధ్య రసాయన బంధాలు కల్పించి దృఢపరుస్తారు. ఇదే మార్పు చేసిన పిండి. సీసాలపై 1422, 1442 అను సంఖ్యలు దీనినే సూచిస్తాయి. మన సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యానికి మూలం కూడా కర్రపెండలం పిండియే.

ఇంటిలో చేయు విధానం

పెద్ద చెంచాడు కార్న్‌ఫ్లోర్‌ను 100 మి.లీ. చన్నీటిలో కలిపి, సన్నని సెగపై చిక్కబడే వరకు ఉడికించి, పూర్తిగా చల్లార్చండి. అర చెంచా ఆవపొడి, ఉప్పు, మిరియాలపొడి చేర్చి మిక్సీలో తిప్పుతూ, రెండు పెద్ద చెంచాల నూనెను కొద్దికొద్దిగా పోయండి. నిమ్మరసం చివరనే కలపండి. ముందే కలిపి ఉడికిస్తే గంజి పలుచనవుతుంది. ఇందులో నూనె సుమారు ఐదవ వంతు మాత్రమే. ఇది మామూలు పిండి గనుక ఫ్రిజ్‌లో ఉంచి రెండు రోజులలో వాడుకోవాలి.

హెచ్చరిక

ఈ పద్ధతిలో పచ్చి గుడ్డు లేకపోవుట మరొక మేలు. పచ్చి గుడ్డు ద్వారా సాల్మొనెల్లా క్రిములు సోకవచ్చు. సముద్రతీరపు ఉక్కలో అవి త్వరగా వృద్ధి చెందుతాయి. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్లతో చేసిన మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది.

మధుమేహులు పిండిని కూడా లెక్కలోనికి తీసుకోవాలి. కొవ్వు తక్కువని రెండింతలు తింటే ప్రయోజనం శూన్యం. మితమే ఔషధం.