అంగిలి మీద గీత

అడ్డపొగ అంటే మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో విడమర్చి చెప్పనక్కరలేదు. చుట్ట నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. ఆడవాళ్ళలోనే ఎక్కువ. సాలూరు సంతలో బుట్ట ముందు కూర్చున్న ముసలమ్మల నోట నేనూ చూశాను. ఆ సెగ, ఆ పొగ తిన్నగా తగిలేది అంగిలికి. ఈ అలవాటుకీ అంగిలి కేన్సరుకీ ఉన్న సంబంధాన్ని ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే శాస్త్రపత్రికలో ప్రకటించారు.

ఫిజిక్సు చదివినవాణ్ణి కనుక ఈ జబ్బుకిచ్చే కిరణ చికిత్స గురించి నాలుగు మాటలు రాస్తాను. యంత్రం కిరణాన్ని పడమన్న చోట పడేస్తుంది. ఎక్కడ పడాలో చెప్పేది మాత్రం డాక్టరు గీసే గీత.

1951లో కెనడాలో కోబాల్టు చికిత్స మొదలైంది. అప్పట్లో మామూలు ఎక్స్‌రేలో ఎముకల గుర్తులు చూసి హద్దు నిర్ణయించేవారు. గడ్డతోపాటు చుట్టుపక్కల మంచి కండా కాలేది. 1971లో హౌన్స్‌ఫీల్డు సి.టి. స్కానుతో మనిషి తల లోపలిభాగం పొరలు పొరలుగా కనబడింది. ఇప్పుడు ఒక్కొక్క పొర మీదా గీత గీస్తారు. 1993 నాటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం హద్దులు మూడు: కంటికి కనబడే గడ్డ ఒకటి, కనబడకుండా పాకి ఉండగల కణాల మేర రెండోది, మనిషి కదలికలకు వదిలే జాగా మూడోది.

చిక్కంతా రెండోదానితోనే. అంగిలి కేన్సరు కొన్నిసార్లు నరాన్ని పట్టుకుని పైకి పాకుతుంది. సన్నని ఎముక కాలువ గుండా పైదవడ వెనకనున్న చిన్న గుంటలోకి, అక్కణ్ణుంచి పుర్రె అడుగు రంధ్రానికి. ఎముక కరిగిందా అన్నది సి.టి. బాగా చెబుతుంది. నరం ఉబ్బిందా అన్నది ఎం.ఆర్.ఐ. చెబుతుంది. అందుకే రెండు బొమ్మల్నీ కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేర్చి చూస్తారు. గీత చిన్నదైతే జబ్బు నరం దారినే తిరిగొస్తుంది. పెద్దదైతే పైన కన్ను, పక్కన లాలాజల గ్రంథులు దెబ్బతింటాయి. నోరెండిపోయిన మనిషికి గంజన్నం కూడా మింగుడుపడదు.

ఆపరేషను తర్వాత ఇచ్చే చికిత్స సాధారణంగా రోజుకు 2 గ్రేలు, వారానికి 5 రోజులు, 6 వారాలు. కదలకుండా ముఖానికి అచ్చుగా పోసిన మాస్కు వేస్తారు. ఇప్పటి యంత్రాలు మనిషి చుట్టూ తిరిగి అప్పటికప్పుడే స్కాను తీస్తాయి. దాన్ని మొదటి బొమ్మతో సరిపోల్చి, బల్లను మిల్లీమీటర్ల లెక్కన జరిపి, అప్పుడు కిరణం వదులుతారు. రోగి చిక్కిపోయి మాస్కు వదులైతే కొత్త స్కాను, కొత్త గీతలు.

ఇది నిజంగా గొప్ప సదుపాయమే. కాని రోజువారీ స్కాను సరిచేసేది మనిషి పడుకున్న తీరునే, గీతని కాదు. సాలూరు లారీల ఊరు కనుక ఇలా చెప్పుకోవచ్చు: చిరునామా తప్పు రాస్తే లారీ రోజూ వేళకే తప్పుడు ఇంటికి వెళ్తుంది! ఈమధ్య కంప్యూటరే గీతలు గీస్తోంది. కన్ను, వెన్నుపాము, లాలాజల గ్రంథులు నిమిషాల్లో బాగానే గీస్తుంది. గడ్డనీ, నరం దారినీ మాత్రం డాక్టరు పొర పొరా చూసి దిద్దాల్సిందే.

మనవాళ్ళకు విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా కేన్సర్ ఆస్పత్రి ఉంది. ఏ ఆస్పత్రికి వెళ్ళినా, ఆపరేషనుకి ముందు తీసిన స్కాను ఫిల్ములు, సి.డి. పారేయకుండా వెంట తీసుకెళ్ళాలి. గడ్డ తీసేశాక అది ఎంతమేర ఉండేదో డాక్టరుకి చూపించేవి అవే.