మనసులో దిగులు, చిగుళ్ళలో తెగులు

పళ్ళు ఎందుకు పాడవుతాయని అడిగితే అందరూ తీపి తినడం వల్ల, సరిగా తోముకోకపోవడం వల్ల అని చెబుతారు. అది నిజమే. అయితే మన మనసు ఉన్న స్థితి కూడా నోటి ఆరోగ్యాన్ని మారుస్తుందని చాలామందికి తెలియదు. ఒకే వీధిలో ఉండి, ఒకే నీళ్ళు తాగి, ఒకే రకమైన భోజనం చేసేవారిలో ఒకరికి 60 ఏళ్ళు వచ్చినా పళ్ళు గట్టిగా ఉంటాయి, మరొకరికి 45 ఏళ్ళకే కదిలిపోతాయి. ఇందుకు వంశం, షుగరు వ్యాధి, పొగాకు ముఖ్య కారణాలు. కష్టం వచ్చినప్పుడు మనిషి దానిని ఎలా ఎదుర్కొంటున్నాడు అన్నది కూడా ఒక కారణమే.

ఆందోళన ఎక్కువ కాలం ఉంటే శరీరంలో కార్టిసాల్ అనే హార్మోను పెరగవచ్చు. దాని వలన రోగనిరోధక శక్తి సరిగా పనిచేయక, చిగుళ్ళలోని సూక్ష్మజీవులు బలపడతాయి. కంగారులో నోరు ఎండిపోవడం అందరికీ అనుభవమే. లాలాజలం నోటిని కడిగి, ఆమ్లాన్ని తగ్గించి, పళ్ళను కాపాడుతుంది. అది తగ్గితే పళ్ళు త్వరగా పుచ్చిపోతాయి. కొందరు నిద్రలో పళ్ళు పటపట కొరుకుతారు. తెల్లవారేసరికి దవడలు నొప్పి, తలనొప్పి. పుండు మానడం కూడా ఆలస్యమవుతుంది. 1998లో అమెరికాలో 11 మంది దంతవైద్య విద్యార్థులకు అంగిటిలో చిన్న గాయం చేసి చూశారు. సెలవుల్లో కంటే పరీక్షల సమయంలో అదే గాయం మానడానికి సుమారు 3 రోజులు ఎక్కువ పట్టింది!

దిగులుకు వాడే అమిట్రిప్టిలిన్ వంటి కొన్ని మందులు కూడా నోరు ఎండిపోయేలా చేస్తాయి. అందుకని మందు మీ అంతట మీరు మానవద్దు. డాక్టరు గారికి చెప్పండి, తరచుగా మంచినీళ్ళు గుక్కెడు గుక్కెడు తాగండి.

నా అనుభవంలో మాత్రం అసలు నష్టం అలవాట్ల దగ్గరే జరుగుతుంది. దిగులుగా ఉన్న మనిషి మొదట మానేసేది తన ఒంటిని చూసుకోవడం. ఆడవారు ఇంట్లో అందరికీ వండిపెడతారు, తాము మాత్రం రాత్రి పూట నోరు కడుక్కునే ఓపిక కూడా లేక పడుకుంటారు. మగవారు బీడీ, గుట్కా, ఖైనీలలో ఓదార్పు వెతుక్కుంటారు. ఊరికే టీ, తీపి బిస్కెట్లు తినేవారూ ఉన్నారు. ఈ మధ్య వార్డులో ఒకామెను “ఎన్నాళ్ళ నుంచమ్మా ఈ నొప్పి?” అని అడిగితే, “ఏడాది నుంచి సిస్టరమ్మా. ఆయన పోయాక నా పళ్ళ సంగతి ఎవరికి కావాలి?” అంది. అప్పటికే ఆమెకు మూడు పళ్ళు ఊగుతున్నాయి, షుగరు 300 దాటి ఉంది. చిగుళ్ళలో చీము ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టం, షుగరు ఎక్కువైతే చిగుళ్ళు ఇంకా పాడవుతాయి. ఆమెకు మేము పంటి వైద్యంతో పాటు రోజూ పలకరించే మనిషిని కూడా చూడవలసి వచ్చింది. పక్క వీధిలో ఉన్న ఆడపడుచు రోజూ వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది.

కష్టం అందరికీ ఒకేలా హాని చేయదు. అమెరికాలోని బఫెలో ప్రాంతంలో 1,426 మందిని పరీక్షించి 1999లో ఒక అధ్యయనం ప్రచురించారు. డబ్బు ఇబ్బందులతో నలిగిపోతున్నవారికి చిగుళ్ళ వ్యాధి ఎక్కువగా ఉంది. కానీ వారిలోనే, కుమిలిపోతూ కూర్చోకుండా సమస్యకు ఏదో ఒక దారి వెతికేవారికి ఆ ముప్పు అంతగా కనబడలేదు. ఆరన్ ఆంటొనోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త 1979లోనే ఈ విషయం రాశారు. ‘నాకు జరుగుతున్నది అర్థమవుతోంది, దీన్ని తట్టుకునే ఆసరా నాకు ఉంది, ఇందుకోసం పాటుపడటంలో అర్థముంది’ అనుకోగలిగినవారు ఎక్కువ ఆరోగ్యంగా ఉంటారని ఆయన భావన. ఇటువంటి దృక్పథం బలంగా ఉన్నవారు పళ్ళు కూడా బాగా తోముకుంటారని ఫిన్లాండ్‌లో పెద్దల మీద చేసిన పరిశీలనల్లో తేలింది.

అంతమాత్రాన “ధైర్యంగా ఉండు” అంటే పిప్పిపన్ను మానదు. పళ్ళు పాడైనవారిని మనసు బలహీనమని నిందించడం కూడా తప్పు. ఆసరా అంటే డబ్బు, సమయం, తోడు మనిషి, తెలిసిన డాక్టరు కూడా. మన దగ్గర వీటికంటే పెద్ద అడ్డంకి “వయసొస్తే పళ్ళు ఊడటం మామూలే”, “పై పన్ను తీయిస్తే చూపు పోతుంది”, “గార తీయిస్తే పళ్ళు కదులుతాయి” అనే మాటలు. ఈ మూడూ నిజం కాదు. గార పళ్ళకూ చిగుళ్ళకూ మధ్య చేరి ఎముకను అరగదీస్తుంది, పళ్ళు కదిలేది అందువల్లనే.

మనసు బాగోని రోజుల్లో అన్నీ చేయలేకపోతే ఒక్కటి చేయండి. రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్టుతో 2 నిమిషాలు తోముకోండి. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి ఉంటే డాక్టరు గారికి చెప్పండి, లేదా టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడవచ్చు. కుర్చీ అంటే భయపడేవారు ఇంటి మనిషిని వెంట తెచ్చుకోండి. “నేను చెయ్యెత్తితే ఆపండి” అని డాక్టరు గారితో ముందే చెప్పుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. నొప్పి ఉన్న పంటి మీద నశ్యం, ఆస్ప్రిన్ బిళ్ళ పెట్టవద్దు, చిగురు కాలిపోతుంది. దవడ కింద వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగడం కష్టం కావడం కనిపిస్తే తెల్లవారేవరకు ఆగకుండా ఆ రాత్రే అత్యవసర విభాగానికి తీసుకురండి.