ఆటో ఎక్కే ముందు టైరు చూడండి

మిరపకోతల కాలం. జగ్గయ్యపేట, నందిగామ పల్లెల్లో ఆడవాళ్లు ఆటోల్లో కూలికి పోతారు. 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు జోరుగా పోతుంటాయి. అక్కడ టైరు పేలితే ఆటో పల్టీ కొడుతుంది. ప్రాణానికే ముప్పు.

టైరు ఎందుకు పేలుతుంది?
గాలి తగ్గితే టైరు అణుగుతుంది. తిరిగేకొద్దీ పక్కలు నలిగి వేడెక్కుతాయి. బరువు ఎక్కువైతే ఇంకా నలుగుతుంది. ఎండ కూడా తోడవుతుంది. చివరికి టైరు పేలుతుంది.

మనం ఏం చూడాలి?
టైరు అరిగి నున్నగా అయిందా? దారాలు బయటపడ్డాయా? పక్కన ఉబ్బిందా? అయితే ఎక్కకండి.

మనం ఏం అడగాలి?
“తమ్ముడూ, పొద్దున్నే గాలి చూపించావా?” అని డ్రైవరును అడగండి. బండి తిరగక ముందు చూస్తేనే కొలత సరిగ్గా తెలుస్తుంది. మంది ఎక్కువైతే “ఇంకో ఆటో పెట్టు” అని మేస్త్రిని అడగండి.

నలుగురూ కలిసి అడగండి. కూలి రేపైనా దొరుకుతుంది. ప్రాణం దొరకదు.