గుమ్మమునొద్ద ఖాళీ సీసా

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, 24:10, 11, 25:13-15, లేవీయకాండము 11:33



మన గ్రామములనుండి పట్నము పోయిన పిల్లలలో అనేకులు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతములలో కాపురము పెట్టియున్నారు. విజయవాడ రోడ్డున వచ్చువారికి పట్నపు గుమ్మము అదియే గదా. మేము వారిని పరామర్శింప పోయినప్పుడెల్ల ఉదయముననే వీధిలో మైకు కేక వినబడును: పాత ఇనుప సామాన్లు, ప్లాస్టిక్ డబ్బాలు, ఖాళీ సీసాలు కొంటామని.

ఒక దినమున మేము ఎల్.బి. నగర్‌లో మన సంఘపు ఆడపడుచు ఇంట దిగియుండగా ఆమె అట్టి బండివానిని పిలిచెను. డబ్బాలు, సీసాలు గోనెలో పోసి అతడు వేలాడు కాటాకు తగిలించెను. వెంటనే వాదము లేచెను.

"ఏందన్నా, నీ కాటా మూడు కిలోలే చూపిస్తది? నేను ఇంట్ల తూస్తే మూడున్నర ఉండె."

"అమ్మా, అనుమానముంటే ఇంకో కాటా మీద తూసుకోండ్రి."

మాట తెగకమునుపే అతడు గోనెలో చోటు చేయుటకు సీసాలను కాలితో అణచెను. వారందరు చేయు పని అదే. అణచకపోయిన యెడల బండి నిండ గాలియే యుండును. గోనెలోని మరుగుదొడ్డి కడుగు ఆసిడ్ సీసా ఒకటి పగిలి, మిగిలియున్న ద్రవము అతని మోచేతిమీద, కంటి ప్రక్కను చిందెను. ఆ కేక మేమింకను మరువలేదు. ఎవరో పసుపు తెచ్చిరి, మరియొకరు పండ్లపొడి ముద్ద తెచ్చిరి. మేము వారించి, అతనిని కొళాయి క్రింద కూర్చుండబెట్టి, తడిసిన చొక్కా తీయించి, ఇరువది నిమిషములు విడువక నీళ్లు పోయించితిమి. తరువాత ఆసుపత్రికి పంపితిమి. కన్ను దక్కెను. చేతిమీద మచ్చ నిలిచెను. ఇట్టి సమయమున మొదట చేయదగినది ధారగా నీళ్లు పోయుటయే. నెయ్యి, నూనె, పసుపు ఏదియు రాయకూడదు.

"కొంచెమే మిగిలిండె అయ్యగారూ, ఖాళీ అనుకున్న," అని ఆమె ఏడ్చెను.

కాటాను గూర్చి ఆమె అడుగుట తప్పు కాదు. 2009వ సంవత్సరపు తూనికలు కొలతల చట్టము చొప్పున వ్యాపారపు కాటాను అధికారులు పరీక్షించి ముద్ర వేయవలెను. ఎలక్ట్రానిక్ కాటాకైతే ఏటేట ఆ పరీక్ష జరుగవలెను. ముద్ర చూపుమని అడుగుట మన హక్కు. సంచిలో పెద్దది ఒకటి, చిన్నది ఒకటి రెండు రకముల గుండ్లు పెట్టుకొనరాదని మోషే ధర్మశాస్త్రమును చెప్పుచున్నది. అయితే ఆ ఆజ్ఞ కొనువానికే గాని అమ్మువారికి కాదా? తూకము పెరుగునని సీసాలో నీళ్లు మిగిల్చి అమ్మువారిని మేమెరుగుదుము. వారిలో మన సంఘస్థులును లేకపోలేదు! ఖాళీ కానిదానిని ఖాళీ అని ఇచ్చుటయు దొంగతూకమే. దానివలన పోవునది ఒక్కొక్కప్పుడు అర్ధకిలో ధర కాదు, ఎదుటివాని కన్ను.

క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో నున్నది. పడినవాడు అజాగ్రత్తగా నడచెనని యజమానుడు తప్పించుకొనుటకు వీలులేదు. మన యింటినుండి బయటికి పోవు డబ్బాకును ఆ పిట్టగోడ కావలెను. పగిలిన గాజును మందపు కాగితములో చుట్టి, గాజు అని చెప్పి ఇయ్యవలెను. చక్కెర వ్యాధికి వాడిన సూదులు నీళ్లసీసాలో వేసి తుక్కులో కలుపరాదు. ఆసిడ్, బ్లీచింగ్ ఒకే సంచిలో పడి కలిసినయెడల ఊపిరితిత్తులను కాల్చు క్లోరిన్ వాయువు పుట్టును. దోమలకు కొట్టు స్ప్రే డబ్బా మంటతగిలి పేలును. సెల్ ఫోను బ్యాటరీ నలిగినయెడల దానంతటదే అంటుకొనును. 2015లో హైదరాబాదులో ఇంటింటికి తడిచెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడిచెత్తకు నీలిబుట్ట పంచిరి. 2016 నాటి కేంద్ర నియమములైతే ఇట్టి హానికర వస్తువులను మూడవ విధముగా వేరుచేయుమనెను. ఆ మూడవ బుట్టను మనమే పెట్టుకొనవలసియున్నది.

గుమ్మము దాటిన తుక్కు తుక్కు గోదాముకు చేరును. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాదు బోయిగూడలో అట్టి గోదాము అంటుకొని, పైన నిద్రించుచున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయిరి. సీసా ఎక్కడికి పోవునో, దాని ప్రక్కను ఎవరు పండుకొందురో మనమెన్నడును అడుగలేదు.

అనుమానమును గూర్చియు ఒక మాట. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు పెట్టిన బాంబులు పేలి అనేకులు మృతినొందిరి. అటువంటి చోట ఎవరిదో తెలియని సంచిని ముట్టక 100కు గాని 112కు గాని ఫోను చేయుట బుద్ధియైన పని. గోనె మోయు ప్రతి బీదవానిని దొంగవలె చూచుట మాత్రము వేరు సంగతి. అప్పిచ్చినవాడు తాకట్టు తీసికొనుటకు బీదవాని యింట చొరబడక బయట నిలువవలెననియు, ఇంటివాడే వస్తువు తెచ్చి ఇయ్యవలెననియు 24వ అధ్యాయమున వ్రాయబడెను. గుమ్మము ఇద్దరికిని కాపుదల. బండివాడు లోనికి రానక్కరలేదు. తూకము వెలుపల, ఇద్దరి కన్నుల యెదుట జరుగనిండు. పిల్లలను ఒంటరిగా పంపకుడి. పార్సిలు డబ్బాలపైని పేరును, ఫోను నంబరును చింపివేయుడి.

ఇక మన పల్లెల సంగతి. పట్నపు ఆసిడ్ సీసాకంటె మన పురుగుమందు డబ్బా చెడ్డది. ఆ డబ్బాలో త్రాగునీళ్లు పొలమునకు మోయుట మేము కన్నులార చూచితిమి. మైల సోకిన మట్టిపాత్రను పగులగొట్టుమని లేవీయకాండము చెప్పుచున్నది. ఖాళీ అయిన మందు డబ్బాలను మరల వాడకుండ పగులగొట్టి, ఇండ్లకు దూరముగా పూడ్చవలెనని 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమములలో నున్నది. మందు కలుపునప్పుడే డబ్బాను మూడుమారులు కడిగి, ఆ కడుగునీళ్లను స్ప్రేయరులోనే పోసి, డబ్బా అడుగున చిల్లు పొడువుడి. సీసాల బండివాడు ఎంత ధర ఇచ్చెదనన్నను దానిని అతనికి అమ్మకుడి.

మొన్న మేము మరల ఎల్.బి. నగర్ పోయితిమి. ఆ సహోదరి వంటింటి మూలను వేరే బుట్ట పెట్టియున్నది. బండివాడు రాగానే ఏ సీసాలో ఏమి పోసియుండెనో ఒక్కొక్కటిగా చెప్పి, మూతలు తీసి చూపి, అటుపిమ్మట గోనెలో వేయుచున్నది. కాటాను గూర్చి మాత్రము వారిద్దరును ఇప్పటికిని వాదించుకొనుచునే యున్నారు.