ఫ్రిస్కోలో గాలి చూసుకుని బయటకు వెళ్లడం ఎలా?

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే మనవాళ్లు బయలుదేరే ముందు ఎండ ఎంతుందో, వాన పడుతుందో లేదో ఫోన్లో చూస్తారు. గాలి ఎలా ఉందో చూసేవాళ్లు తక్కువ. ఆకాశం నీలంగా ఉంటే గాలి కూడా శుభ్రంగా ఉన్నట్టే అనుకుంటాం. వేసవిలో ఇక్కడ ఆ లెక్క తప్పుతుంది. ఈ ప్రాంతాన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టే ఓజోన్ కంటికి కనిపించదు. మబ్బు లేకుండా, గాలి పెద్దగా కదలకుండా, ఎండ మండే రోజునే అది ఎక్కువగా తయారవుతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలున్నా, ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినా కింది పద్ధతి అలవాటు చేసుకోండి. రోజూ ఐదు నిమిషాల పని.

1. గాలి అంకె చూడండి

ఎయిర్‌నౌ యాప్ పెట్టుకుని మీ జిప్ కోడ్ ఇవ్వండి. ఫ్రిస్కోలో చాలా ఇళ్లకు 75033 నుంచి 75036 లోపు ఉంటుంది. ఏక్యూఐ అనే అంకె ఒక రంగుతో కనిపిస్తుంది. 50 వరకు ఆకుపచ్చ: నిశ్చింతగా తిరగవచ్చు. 51 నుంచి 100 వరకు పసుపు: చాలామందికి ఇబ్బంది ఉండదు. 101 నుంచి 150 వరకు నారింజ: పిల్లలు, పెద్దవాళ్లు, ఆస్తమా లేదా గుండె జబ్బు ఉన్నవాళ్లు జాగ్రత్తపడాలి. 150 దాటితే ఎరుపు: అందరూ బయట శ్రమ తగ్గించుకోవాలి. ఇప్పటి అంకెతో పాటు రేపటి అంచనా కూడా చూస్తే ముందే ఏర్పాట్లు చేసుకోవచ్చు.

2. అది దేని అంకో తెలుసుకోండి

కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. అంకె పక్కనే ఓజోన్ అనో, పీఎం 2.5 అనో ఉంటుంది. ఓజోన్ వాయువు. వాహనాల నుంచి, పరిశ్రమల నుంచి వచ్చే పొగల మీద ఎండ పడితే పుడుతుంది. పీఎం 2.5 అంటే ఊపిరితిత్తుల లోతుకు చేరే సన్నటి నుసి. ఓజోన్ రోజున చేయాల్సింది వేళ మార్చడం, నుసి రోజున చేయాల్సింది తలుపులు మూసి గాలిని వడకట్టడం.

3. ఓజోన్ రోజున వేళ మార్చండి

మార్చి నుంచి నవంబరు దాకా ఇక్కడ ఓజోన్ కాలం. డాలస్ నగరం మనకు దక్షిణాన ఉంది. వేసవిలో దక్షిణం, ఆగ్నేయం నుంచి వీచే గాలి అక్కడి పొగను మనవైపు తెస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015లో ఓజోన్ పరిమితిని ఎనిమిది గంటల సగటున బిలియన్‌కు 70 భాగాలుగా నిర్ణయించింది. డాలస్ ప్రాంతం దాన్ని ఇంతవరకు అందుకోలేదు.

ఓజోన్ మధ్యాహ్నం పెరిగి సాయంత్రం దాకా ఉంటుంది, పొద్దుగూకాక తగ్గుతుంది. ఆఫీసు నుంచి కొడుకో కూతురో రాగానే సాయంత్రం అయిదింటికి నడకకు బయలుదేరడం మన పెద్దవాళ్లకు అలవాటు. వేసవిలో దాన్ని ఉదయం ఎనిమిదిలోపుకు మార్చండి. పిల్లల క్రికెట్, సాకర్ ప్రాక్టీసును చీకటి పడే వేళకు జరపమని కోచ్‌ను అడగండి. మాస్కు ఓజోన్‌ను ఆపలేదు. తలుపులు మూసిన ఇంట్లో మాత్రం అది బయటకంటే చాలా తక్కువగా ఉంటుంది. గట్టిగా ఊపిరి తీస్తే దగ్గు వచ్చినా, ఛాతీ పట్టేసినట్టున్నా ఆట ఆపి లోపలికి రావాలి.

4. పొగ, దుమ్ము రోజున ఇల్లు మూయండి

వసంతంలో పశ్చిమ టెక్సస్ నుంచి దుమ్ము, ఏప్రిల్, మే నెలల్లో మెక్సికో, మధ్య అమెరికాల్లో పొలాలు కాల్చిన పొగ, జూన్ నుంచి ఆగస్టు దాకా సముద్రం దాటి సహారా ధూళి వస్తుంటాయి. జులై 4న, దీపావళికి బాణసంచా పొగ తోడవుతుంది. ఆకాశం పాలిపోయినట్టు కనిపించిన రోజున పీఎం అంకె చూడండి.

అది ఎక్కువగా ఉంటే కిటికీలు మూసి, థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ను ఆటో నుంచి ఆన్‌కు మార్చండి. అప్పుడు ఇంట్లో గాలి మాటిమాటికీ ఫిల్టరు గుండా వెళ్తుంది. ఫిల్టరు మెర్వ్ 13 రకమైతే మంచిది, మీ యూనిట్ దాన్ని తట్టుకుంటుందో లేదో ఏసీ మెకానిక్‌ను అడిగి వేయండి. వేపుళ్లు, పోపులు కూడా ఇంట్లో నుసిని పెంచుతాయి. పొయ్యి మీది ఫ్యాన్ పొగను బయటకు పంపుతుందా, తిరిగి వంటింట్లోకే వదులుతుందా చూసుకోండి. వంటింట్లోకే వదిలేదైతే ఆ రోజు వేపుడు మానండి. తప్పక బయటకు వెళ్లాల్సి వస్తే ఎన్95 మాస్కు పనికొస్తుంది.

5. పుప్పొడిని వేరుగా చూడండి

ఏక్యూఐలో పుప్పొడి లెక్క ఉండదు. దానికి వాతావరణ యాప్‌లలో వేరే పేజీ ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మౌంటెన్ సీడర్, మార్చి, ఏప్రిల్‌లలో ఓక్, ఆగస్టు మధ్య నుంచి తొలి మంచు దాకా ర్యాగ్‌వీడ్ పుప్పొడి ఎక్కువ. ఊరికి వచ్చిన మొదటి ఏడాది ఏమీ అనిపించకపోయినా తర్వాతి ఏళ్లలో ముక్కు కారడం, కళ్లు దురద మొదలవ్వచ్చు. బయటి నుంచి రాగానే బట్టలు మార్చి స్నానం చేయండి. బట్టలు ఆరుబయట ఆరేయకండి. సీడర్ పుప్పొడి అలెర్జీని సీడర్ ఫీవర్ అంటారు గానీ దానివల్ల జ్వరం రాదు. ఒళ్లు వేడిగా ఉంటే డాక్టరుకు చూపించాలి.

6. కరెంటు పోయిన చలిలో మరింత జాగ్రత్త

2021 ఫిబ్రవరి 16న డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. ఆ చలిలో కరెంటు పోయి, వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు ఇంజన్ ఆన్ చేసి ఉంచి, ఇంట్లో బొగ్గులు రాజేసి, కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు టెక్సస్‌లో ఉన్నారు. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. గ్రిల్లు, జనరేటరు, ఇంజన్ ఆన్‌లో ఉన్న కారు ఎప్పుడూ ఇంటికి దూరంగా, ఆరుబయటే ఉండాలి. బ్యాటరీతో పనిచేసే మోనాక్సైడ్ అలారం పడక గదుల దగ్గర పెట్టండి.

7. మన వంతు మనం చేయాలి

స్కూలు పికప్ లైన్లో ఇంజన్ ఆపండి. ఓజోన్ ఎక్కువని హెచ్చరిక ఉన్న రోజున పెట్రోలు కొట్టించడం, లాన్ కోయడం పొద్దుగూకాక పెట్టుకోండి. 2025 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకు సేఫ్టీ తనిఖీ తీసేసినా, కాలిన్, డెంటన్ కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంది. దాన్ని తప్పించుకునే దారులు వెతకకండి.

పౌరులు పట్టించుకుంటే గాలి మారుతుందని ఈ ఊరే చూపింది. దశాబ్దాలపాటు సీసం వదిలిన ఎక్సైడ్ బ్యాటరీ రీసైక్లింగ్ ప్లాంటు, ఊరివాళ్లు పట్టుబట్టాక 2012 చివర్లో మూతపడింది. ఇప్పుడు ఈ ఊరు మనదీ. ఈ రోజే ఎయిర్‌నౌ పెట్టుకోండి, మీ అమ్మానాన్నల ఫోన్లలోనూ పెట్టి రంగులు ఎలా చదవాలో చూపించండి.